నిర్మల్ నత్తగుల్లను దంచి పీహెచ్ మీటర్ పెడితే పాత సముద్రం సంగతి తెలుస్తుందా?

తమ్ముడూ, నీ ప్రశ్నను ముందు నాకు అర్థమైన తీరులో చెబుతాను, మిగతావాళ్లకూ తెలుస్తుంది. హన్మకొండలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నావు. నిర్మల్ అవతల మీ మేనమామ చేను గట్టున, నల్లరాతి పొరల నడుమ తెల్లటి రాయిలో నత్తగుల్లలు దొరికాయి. ఆరున్నర కోట్ల ఏళ్ల నాటివని ఎవరో చెప్పారు. శిలాజ గుల్లల కెమిస్ట్రీతో అప్పటి సముద్రం ఎంత ఆమ్లంగా ఉండేదో లెక్క కడతారని ఎక్కడో చదివి, రాయితో సహా గుల్లను రోట్లో దంచి, డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి పీహెచ్ మీటర్ ముంచావు. 9 దగ్గర చూపించింది (7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం). "అంటే అప్పటి సముద్రం ఆమ్లం కాదన్నట్టేనా సార్?" అని అడిగావు.

నీ మీటరు చెప్పింది సముద్రం సంగతి కాదు, సున్నపురాయి సంగతి. కాల్షియం కార్బొనేట్ పొడి ఏది నీళ్లలో వేసినా అంతే. మంచిర్యాల దిక్కు సిమెంటుకు తవ్వే రాయి వేయి, ఇంట్లో కోడిగుడ్డు పెంకు దంచి వేయి. గాలి తగులుతుంటే 8.3 దగ్గర, గాలి తగలకుండా మూత పెడితే 9.9 దాకా పోయి ఆగుతుంది. పొద్దున పెట్టిన గుడ్డుకూ ఆరున్నర కోట్ల ఏళ్ల గుల్లకూ ఒకే జవాబు వస్తున్నదంటే, ఆ కొలతలో కాలం సంగతి లేనట్టే. అయినా నీ ప్రయోగాన్ని వెక్కిరించను. దంచి చూడాలనిపించింది చూడు, అది మంచి బుద్ధి. అడగాల్సిన ప్రశ్న వేరు, అంతే.

ఇంకో సంగతి. ఆ గుల్ల సముద్రంలో పుట్టిందే కాదు. నిర్మల్, భైంసా, ఆదిలాబాద్ దిక్కు నువ్వు చూసే నల్లరాయి డెక్కన్ ట్రాప్స్ లావా. అది ఒక్కసారి పారి ఆగలేదు. ఒక పొర పారి చల్లారాక మధ్యలో చాలా కాలం ఊరుకునేది. ఆ విరామంలో లావా గుంతల్లో వాననీళ్లు నిలిచి చెరువులయ్యాయి. వాటిలో నత్తలు బతికాయి. ఆ మీద మళ్లీ లావా పారి అన్నిటినీ కప్పేసింది. ఈ నడిమి పొరల గుల్లల గురించి మాల్కమ్సన్ అనే స్కాట్లాండ్ డాక్టరు గోదావరికి ఉత్తరాన సిచెల్ కొండల్లో తిరిగి 1840లోనే అచ్చు వేయించాడు. ఫైసా ప్రిన్సెపీ అనే నత్తకు ఆ పేరు వచ్చింది కూడా అప్పుడే. అది మంచినీటి నత్త. మీ మేనమామ చేను గట్టుది దాని చుట్టమే అయ్యుంటుంది. చెరువు పీహెచ్ ఆ చెరువుదే. పక్కన ఏ రాయి ఉంది, ఎంత వాన పడింది, పాచి ఎంత పెరిగింది అన్న దాన్ని బట్టి పొద్దుటికీ మాపటికీ మారుతుంది. రామప్ప చెరువు నీళ్లు కొలిచి బంగాళాఖాతం గురించి చెప్పలేం కదా.

గమ్మత్తేమిటంటే, అదే గోదావరి వెంట కిందికి పోతే కథ మారుతుంది. ధర్మపురి, కాళేశ్వరం, భద్రాచలం దాటి రాజమండ్రి చేరితే అక్కడ క్వారీల్లో మళ్లీ ఇదే డెక్కన్ లావా కనిపిస్తుంది. పడమటి నుంచి వందల మైళ్లు పారి సముద్రం ఒడ్డుకు చేరిన లావా అది. అక్కడ పొరల మధ్య దొరికేవి సముద్రపు గుల్లలు, సముద్రంలో తేలే సూక్ష్మజీవుల పెంకులు. వాటిని చూసే ఆ లావా వయసును డైనోసార్లు పోయిన కాలానికి ఇటూ అటూ కచ్చితంగా గుర్తించగలిగారు. కానీ అది కూడా లోతులేని తీరం, ఏటినీళ్లు కలిసే చోటు. మహాసముద్రం పీహెచ్ అడగడానికి అది కూడా సరైన సాక్షి కాదు.

మరి సరైన సాక్షి ఎవరు? ఫొరామినిఫెరా. మేం ఫొరామ్‌లు అంటాం. ఒకే కణం ఉన్న జీవి, కానీ తనకు తాను సున్నపు పెంకు కట్టుకుంటుంది. మేం వాడే రకాలు బొంబాయి రవ్వ పలుకంత ఉంటాయి. సముద్రం పైనీళ్లలో తేలుతూ కొన్ని వారాలు బతికి, చచ్చాక పెంకు అడుగుకు రాలుతుంది. అలా లక్షల ఏళ్లు పొర మీద పొర. ఓడ మీంచి గొట్టం దించి ఆ బురదను నిలువుగా పైకి తీస్తారు. జాయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ దశాబ్దాలు చేసిన పని అదే. 2006లో మన కృష్ణా గోదావరి తీరం ఎదుట గ్యాస్ హైడ్రేట్ల (మంచులా గడ్డకట్టిన గ్యాస్ నిల్వల) కోసం తవ్వింది కూడా అదే ఓడ.

ఇక అసలు కెమిస్ట్రీ. గుల్లలో ఆమ్లం దాగి ఉండదు. పీహెచ్ అన్నది నీటి గుణం, నీళ్లు పోతే అదీ పోతుంది. గుల్లలో మిగిలేది ఆ నీటి నుంచి పట్టుకున్న కొన్ని పరమాణువులు. వాటిలో పీహెచ్‌ను బట్టి వేషం మార్చేది ఏదైనా ఉందా అని వెతికితే బోరాన్ దొరికింది.

బోరాన్ నీకు కొత్త కాదు. క్యారమ్ బోర్డు మీద చల్లే తెల్లపొడి బోరిక్ ఆమ్లం. అవుసులాయన నగ అతికేటప్పుడు ఊదుగొట్టం పట్టేముందు రాసే వెలిగారం, కరీంనగర్ వెండితీగ పనివాళ్లు అతుకుల మీద వాడేది, అదీ బోరానే. సముద్రంలో లీటరుకు నాలుగున్నర మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. నీళ్లలో దానికి రెండు వేషాలు. ఒకటి బోరిక్ ఆమ్లం, విద్యుదావేశం లేనిది, మూడు చేతులతో బల్లపరుపుగా ఉంటుంది. రెండోది బోరేట్ అయాన్, ఋణావేశం ఉన్నది, నాలుగు చేతులది. పీహెచ్ పెరిగేకొద్దీ మొదటిది తగ్గి రెండోది పెరుగుతుంది. సముద్రపు నీళ్లలో రెండూ సగం సగం అయ్యేది 8.6 దగ్గర. ఇప్పటి సముద్రం 8.1 దగ్గర ఉంది కాబట్టి, వంద బోరాన్లలో సుమారు 24 బోరేట్‌గా, 76 బోరిక్ ఆమ్లంగా ఉంటాయి. సరిగ్గా మనకు కావాల్సిన చోట ఈ తూకం అటూఇటూ ఊగుతుంది. అదృష్టం అంటే అదే.

కానీ గుల్లలో ఎంత బోరాన్ ఉందో కొలిస్తే చాలదు, అది వేరే కారణాలకు కూడా మారుతుంది. ఇక్కడే ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో బరువు వేరైన పరమాణువులు, వస్తాయి. బోరాన్‌లో 10 బరువున్నవి ఐదింట ఒక వంతు, 11 బరువున్నవి ఐదింట నాలుగు వంతులు. మూడు చేతుల బోరిక్ ఆమ్లంలో బంధాలు పొట్టిగా, గట్టిగా ఉంటాయి, బరువు పరమాణువు అక్కడే కుదురుకుంటుంది. బోరేట్‌కు తేలికవి ఎక్కువ మిగులుతాయి. ఈ తేడా వెయ్యికి 27 వంతులు. అది పీహెచ్‌ను బట్టి మారదు. మారేది పంపకం.

ఇది చాలామందికి తలకిందులుగా అర్థమవుతుంది కాబట్టి కొంచెం ఆగి చెబుతాను. ఇద్దరు అన్నదమ్ములు గాదెలో వడ్లు పంచుకుంటున్నారనుకో. గాదెలో మొత్తం వడ్లు మారవు. అన్న ఎప్పుడూ గట్టి గింజ ఏరుకుంటాడు, తమ్ముడికి తాలు ఎక్కువ పడుతుంది. తమ్ముడి వాటా ఒక్క కుంచెడే అయితే, ఆ కుంచెడులో తాలు బాగా కనిపిస్తుంది. తమ్ముడి వాటా పెరిగి దాదాపు గాదె మొత్తం అతనిదే అయితే? అప్పుడు అతని వడ్లు గాదె సగటు లాగే ఉండక తప్పదు, ఏరుకోవడానికి అన్నకు మిగిలిందే లేదు. బోరేట్ ఆ తమ్ముడు. ఇప్పటి సముద్రపు నీటి బోరాన్ ఐసోటోప్ విలువ 39.6, అంటే స్టాండర్డ్‌తో పోలిస్తే బరువు బోరాన్ పాలు వెయ్యికి అన్ని వంతులు ఎక్కువ. ఇది గాదె సగటు. పీహెచ్ బాగా తక్కువైతే బోరేట్ విలువ 12 దగ్గర ఉంటుంది. పీహెచ్ బాగా ఎక్కువైతే 39.6కు చేరుతుంది. మధ్యలో, మనకు కావాల్సిన చోట, లెక్క కడితే 7.9కి 16.6, 8.1కి 18.6, 8.2కి 19.8 వస్తుంది. అంటే పీహెచ్‌లో 0.1 మారితే గుల్ల విలువలో దాదాపు 1 మారుతుంది. మంచి ల్యాబులో 0.2 తేడాను కూడా పట్టుకోవచ్చు. నువ్వే కాగితం మీద వేసి చూడు, ఎమ్మెస్సీ వాడికి పది నిమిషాల పని.

ఈ కథకు ఆఖరి మెలిక: గుల్ల కట్టేటప్పుడు కార్బొనేట్ చోట దూరగలిగేది ఆవేశం ఉన్న బోరేటే, బోరిక్ ఆమ్లం కాదు. 1992లో హెమ్మింగ్, హాన్సన్ అనే శాస్త్రవేత్తలు ఈ మాట అన్నారు. సముద్రపు సున్నపు గుల్లలు కొలిస్తే విలువలు నీటి విలువ దగ్గర కాక, బోరేట్ విలువ దగ్గర పడ్డాయి. అక్కడి నుంచి ఈ పద్ధతి నడక మొదలైంది.

అనుకోవడం సులువు, చేయడం నడుము విరిగే పని. మైక్రోస్కోప్ కింద నల్లటి గళ్ల పళ్లెంలో బురద కడిగిన ఇసుక చల్లి, తడిపిన సన్న కుంచెతో ఒకే జాతి, ఒకే సైజు గుల్లలు ఏరాలి. సాధారణంగా 300 నుంచి 355 మైక్రాన్ల జల్లెళ్ల మధ్య పడినవి. గ్లోబిజెరినాయిడిస్ రూబర్ అనే ఫొరామ్ జాతి అయితే అదొక్కటే. నూటయాభై, రెండు వందల గుల్లలు ఏరితే రెండు మిల్లీగ్రాములు. తర్వాత రెండు గాజు పలకల మధ్య పెట్టి మెల్లగా నొక్కి గదులు తెరవాలి. పిండి చేస్తే పని చెడింది, చిట్లితే చాలు. చెవి దగ్గర పెట్టుకుంటే మినప్పప్పు నలిగినట్టు చిన్న చిటపట వినిపిస్తుంది. లోపల పట్టుకున్న బంకమట్టి పోయేదాకా అల్ట్రాసౌండ్ తొట్టిలో కడగాలి, ఆ మట్టిలో గుల్లలో కన్నా ఎక్కువ బోరాన్ ఉంటుంది. తర్వాత వేడి హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో పాత జీవపదార్థం కాల్చేయాలి. అప్పుడు పలుచని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, బోరాన్‌ను మాత్రమే పట్టే రెజిన్ మీంచి పంపి, పరమాణువులను బరువును బట్టి వేరుచేసి కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌కు ఇవ్వాలి.

ఇంత చేసి చేతికొచ్చే బోరాన్ 20 నానోగ్రాములు. క్యారమ్ పొడిలో కంటికి ఆననంత పలుకు, మిల్లీమీటరులో పదో వంతుది, దాంట్లో 250 నానోగ్రాములు ఉంటుంది. ఒక్క పలుకు పడితే నీ రెండు వందల గుల్లల కష్టం గంగపాలు. అందుకే ఆ గదిలో గాజు సామాను పెట్టం. మన దేశంలో ప్రతి కాలేజీ ల్యాబులో కనిపించే బోరోసిల్ బీకరు పేరులోనే ఉంది కదా బోరాన్. అంతా టెఫ్లాన్, ప్లాస్టిక్. గాలి వడపోసే మామూలు ఫిల్టర్లు కూడా బోరాన్ ఉన్న గాజుపీచుతో చేసినవే, కాబట్టి వాటినీ మార్చాలి. ఇంకో చిక్కు, బోరిక్ ఆమ్లం ఆవిరితో పాటు ఎగిరిపోతుంది. ద్రావణాన్ని ఆరబెట్టాల్సి వస్తే మానిటాల్ కలిపి పట్టి ఉంచాలి. మెషీన్‌లోకి పోయాక అక్కడి గోడలకు అతుక్కుని, ముందు శాంపిల్ బోరాన్ తర్వాతి శాంపిల్‌లోకి వస్తుంది. మాంసం కూర వండిన గిన్నెలో పాయసం పెట్టినట్టు. అందుకే ప్రతి శాంపిల్‌కు ముందూ వెనకా స్టాండర్డ్ పెట్టి కొలుస్తాం. ఆ స్టాండర్డ్ కూడా బోరిక్ ఆమ్లమే, ఎస్‌ఆర్‌ఎం 951 అంటారు.

నా మూడు నెలల గోస ఒకటి చెబుతాను. అప్పట్లో నేను పనిచేసిన ల్యాబు పేరు వద్దు. మంచుయుగం నుంచి ఇప్పటి దాకా వరసగా ఉన్న బురద పొరల శాంపిళ్లు. ప్రతి పొరలోనూ విలువ దాదాపు ఒకటే వస్తున్నది. సముద్రం ఇరవై వేల ఏళ్లు కదలకుండా కూర్చున్నదా అన్నట్టు. నాకు లోపల సంతోషం కూడా కలిగింది, ఎవరూ చెప్పనిది దొరికిందేమోనని. మా గైడు గారు రెండు మాటలే అన్నారు: "బ్లాంక్ చూపించు." బ్లాంక్ అంటే గుల్లలు లేకుండా మిగతా పనంతా చేసి కొలవడం. చేశాను. గుల్లలు లేకున్నా గుల్లలున్నంత బోరాన్. ఆమ్లం మార్చాను, గొట్టాలు మార్చాను, చేతి తొడుగుల పెట్టె మార్చాను. ఆఖరికి నీళ్లు. నీళ్లను శుద్ధి చేసే యంత్రంలో కార్ట్రిడ్జ్ గడువు దాటి ఉంది. దాని మీటరేమో 18.2 మెగా ఓమ్, అంటే నీళ్లు అతి శుద్ధం అని ఠీవిగా చూపిస్తూనే ఉంది. అలాంటి రెజిన్ అలసిపోయినప్పుడు మొదట జారిపోయేది బోరానే. అది బలహీన ఆమ్లం, ఆవేశం లేకుండా దొంగలా దాటిపోతుంది, మీటరుకు కనపడదు. నేను కొలిచింది ఆ కుళాయి పీహెచ్ అన్నమాట, మంచుయుగం సముద్రానిది కాదు. నీ 9 చూసి నాకు నవ్వు రాకపోవడానికి కారణం ఇదే.

శుభ్రత కుదిరినా పని అయిపోదు. బతికున్న ఫొరామ్ తన చుట్టూ నీళ్లను తానే మార్చుకుంటుంది. రూబర్ లాంటి వాటి ఒంట్లో పాచి లాంటి సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. పగలు ఎండలో అవి కార్బన్ డయాక్సైడ్ తాగేస్తే గుల్ల చుట్టూ పీహెచ్ పెరుగుతుంది, రాత్రి శ్వాసతో తగ్గుతుంది. కాబట్టి గుల్ల రాసుకునేది సముద్రం పీహెచ్ కాదు, తన వాకిట్లో పీహెచ్. దీన్ని సవరించడానికి డైవర్లు సముద్రంలోకి దిగి ఒక్కొక్క ఫొరామ్‌ను సీసాలో పట్టి తెచ్చి, తెలిసిన పీహెచ్ నీళ్లలో పెంచి, జాతి జాతికీ వేరుగా సవరణ సూత్రం కట్టారు. కాలిఫోర్నియా పక్కన కాటలినా దీవిలో, ఎర్రసముద్రం కొసన ఐలాత్‌లో ఇలాంటి పని జరిగింది. ఇప్పుడు లేని జాతికి మాత్రం పెంచి చూసే దారి లేదు. కోట్ల ఏళ్ల వెనక్కి పోయేకొద్దీ ఈ సవరణ ఊహ మీద నిలబడుతుంది, అది ఒప్పుకోవాలి.

జాతులు కలిపేస్తే ఏమవుతుందో 1995 నాటి ఒక పని చూస్తే తెలుస్తుంది. సన్యాల్, హెమ్మింగ్ మొదలైనవాళ్లు మంచుయుగంలో పైనీళ్లే కాదు, లోతు సముద్రం కూడా పీహెచ్‌లో 0.3 దాకా ఎక్కువ ఉండేదని రాశారు. పైనీళ్ల మాట ఆ తర్వాత కూడా నిలిచింది, అంత ఎక్కువ కాకపోయినా. లోతు సముద్రం మాట నిలవలేదు. అడుగున బతికే రకరకాల ఫొరామ్‌లను కలిపి కొలిచారు. తర్వాత ఒకే జాతి తీసుకుని కొలిస్తే అంత తేడా కనపడలేదు. ఇది వాళ్ల తప్పని అనను, కొత్త దారి వేసేవాడికి ముళ్లు గుచ్చుకుంటాయి.

గుల్ల రూపం కూడా చూడాలి. కొత్తగా కట్టినది అద్దంలా, వెలుగు లోపలికి పోయేలా ఉంటుంది. సముద్రం అడుగున కోట్ల ఏళ్లు ఉండి లోపలి స్ఫటికాలు మళ్లీ పెరిగితే చక్కెర బిళ్లలా తెల్లగా మసకబారుతుంది. టాంజానియాలో బంకమట్టి పొరల్లో దొరికే అద్దం గుల్లలకు అంత గిరాకీ అందుకే, మట్టి వాటిని నీటి నుంచి కాపాడింది.

అన్నిటికన్నా పెద్ద అనుమానం గాదె మీదే. ఇప్పటి సముద్రం 39.6 అని తెలుసు. ఐదు కోట్ల ఏళ్ల కింద ఎంత? నదులు తెచ్చే బోరాన్, సముద్రపు అడుగు రాయి తాగే బోరాన్ మారితే ఆ సంఖ్య కూడా మారుతుంది. అందులో 1 తేడా పడితే పీహెచ్ 0.1 దాకా తప్పుతుంది. కానీ బోరాన్ సముద్రంలో కోటి ఏళ్లకు పైగా నిలిచి ఉంటుంది. కాబట్టి పదివేల ఏళ్లలోనో లక్ష ఏళ్లలోనో అది మారదు. నాకు ఈ పనిలో నమ్మకం ఉన్నది ఇక్కడే: ఒకే పొరల వరసలో, ఒకే జాతిలో కనిపించే తేడాను నమ్ముతాను. "ఐదు కోట్ల ఏళ్ల కింద పీహెచ్ 7.73" అని రెండు దశాంశాల దాకా చెప్పేవాడిని మాత్రం టీ తాగించి మళ్లీ అడుగుతాను.

పద్ధతి పనిచేస్తుందని నమ్మించింది మంచు. అంటార్కిటికా మంచులో 8 లక్షల ఏళ్ల గాలి బుడగలు ఉన్నాయి, అందులో కార్బన్ డయాక్సైడ్ నేరుగా కొలవచ్చు. మంచుయుగాల్లో పది లక్షలకు 180 వంతుల దగ్గర, నడిమి వెచ్చని కాలాల్లో 280 దగ్గర. కార్బన్ డయాక్సైడ్ తగ్గితే సముద్రం పీహెచ్ పెరగాలి, గోలీసోడాలో గ్యాస్ పోయాక పులుపు పోయినట్టు. హోనిష్, హెమ్మింగ్ 2005లో, ఫోస్టర్ 2008లో గుల్లలతో లెక్క కట్టి చూస్తే మంచు చెప్పిన ఎత్తుపల్లాలే వచ్చాయి. జవాబు పత్రం ముందే ఉన్న పరీక్ష అది, అందులో పాసయ్యాకే మంచు లేని పాత కాలాలకు పోయే ధైర్యం వచ్చింది. పీహెచ్ నుంచి కార్బన్ డయాక్సైడ్‌కు పోవాలంటే క్షారత లాంటి మరో సంఖ్య ఊహించుకోవాలని కూడా గుర్తుంచుకో. ఉష్ణోగ్రత మాత్రం అదే గుల్లలో మెగ్నీషియం కొలిస్తే వస్తుంది.

ఇక నీ ఆరున్నర కోట్ల ఏళ్ల ప్రశ్న. నిజంగా అడగాల్సింది ఇది: నిర్మల్ దిక్కు లావా అంత కార్బన్ డయాక్సైడ్ కక్కితే అప్పటి సముద్రం పులిసిందా? దీనికి మంచి జవాబు 2019లో వచ్చింది. హెనెహన్ బృందం నెదర్లాండ్స్‌లో గాయిల్‌హెమ్మెర్‌బెర్గ్ గుహలో, డైనోసార్లు పోయిన కాలపు సరిహద్దు పొర బంకమట్టిలో దొరికిన ఫొరామ్‌లను, మరికొన్ని చోట్లవాటిని కొలిచింది. 6.6 కోట్ల ఏళ్ల కింద మెక్సికో చిక్సులుబ్ దగ్గర గ్రహశకలం పడిన వెంటనే పైనీళ్ల పీహెచ్ సుమారు 0.25 పడిపోయింది. వెయ్యేళ్ల లోపు పని. అక్కడి రాయిలో జిప్సం ఉంది, ఆ గంధకం ఆమ్ల వర్షమై కురిసింది. మరి దానికి ముందు, మన లావా పారుతున్న రోజుల్లో? మెల్లమెల్లగా దిగజారిన ఆనవాలు వాళ్లకు కనపడలేదు. లావా కక్కలేదని కాదు. నిదానంగా వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను వానకు అరిగే రాళ్లు, కరిగే అడుగు సున్నం సర్దేసుకుంటాయి. వేల ఏళ్లు టైమిస్తే సముద్రం తన లెక్క తానే సరిచేసుకుంటుంది.

తొందరపెడితే చేసుకోలేదు. 5.6 కోట్ల ఏళ్ల కింద ఒకసారి కొన్ని వేల ఏళ్లలో బోలెడు కార్బన్ గాలిలో చేరింది. బోరాన్ చెప్పిన లెక్కకు పైనీళ్ల పీహెచ్ 0.3 పడింది. దక్షిణ అట్లాంటిక్‌లో వాల్విస్ గట్టు దగ్గర తీసిన బురదలో ఆ పొర చేరేసరికి తెల్ల సున్నం మాయమై ఎర్రటి బంకమట్టి వస్తుంది. గొట్టం నిలువుగా కోస్తే, తెల్లగోడకు ఎర్రమన్ను పట్టీ పూసినట్టు కంటికే తెలుస్తుంది. ఇప్పుడు బొగ్గు, పెట్రోలు మొదలయ్యాక రెండు వందల ఏళ్లలో 8.2 నుంచి 8.1కి వచ్చాం. చిన్నగా కనిపిస్తుంది కానీ పీహెచ్ లాగరిథం, 0.1 అంటే హైడ్రోజన్ అయాన్లు పాతిక శాతం పెరిగినట్టు. ఇది ఇంకా ఆమ్లం కాదు, క్షారమే. ఆమ్లీకరణ అన్నది దిశ పేరు, చేరిన చోటు పేరు కాదు. నీ ప్రశ్నలో "ఆమ్లం కాదన్నట్టేనా" అన్నావు చూడు, జవాబు అది: ఈ రికార్డుల్లో ఎక్కడా సముద్రం 7 కిందికి పోలేదు, అయినా దెబ్బ తిన్నది. రామగుండంలో కాలే సింగరేణి బొగ్గు పెర్మియన్ అడవులది. మనం కాల్చగా వచ్చే కార్బన్ డయాక్సైడ్‌లో పావు వంతు దాకా సముద్రమే మింగుతున్నది.

మీ మేనమామ చేను గుల్లతో నువ్వు చేయగలిగేవి కొన్ని ఉన్నాయి. దాన్ని ఇంకా దంచకు. ముందు ఒక గుల్లను చుట్టూ రాయి లేకుండా విడదీసి, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక్క చుక్క గుల్ల మీద, ఇంకో చుక్క రాయి మీద వేయి. ఆ పొరల్లో చాలా చోట్ల గుల్లలు కరిగిపోయి ఆ చోట సిలికా నిండి ఉంటుంది. అలాంటిదైతే గుల్ల మీద బుడగ రాదు, కత్తి మొనతో గీసినా గీత పడదు, చకుముకి రాయిలా ఉంటుంది. బుడగలు రాయి మీదే వస్తే నీ మీటరులో 9 ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలిసినట్టే.

బోరాన్ చూడాలని ఉంటే నిజామాబాద్ పసుపు ఉండగా మాస్ స్పెక్ట్రోమీటర్ ఎందుకు. పసుపును స్పిరిట్‌లో నానబెట్టి ఆ రసంలో ఫిల్టర్ పేపర్ ముంచి ఆరబెట్టు. క్యారమ్ పొడిని నీళ్లలో కలిపి, రెండు చుక్కల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి, కాగితాన్ని ముంచి మళ్లీ ఆరనివ్వు. ఎర్రబడుతుంది. సున్నం తగిలినా పసుపు ఎర్రబడుతుంది కదా అంటావు. ఆమ్లం వేశాక కూడా ఎర్రగా ఉందంటే అది సున్నం పని కాదు, బోరాన్ పని. నీళ్లలో బోరాన్ కొలిచే పాత పద్ధతుల్లో ఒకటి ఈ పసుపు ఎరుపు మీదే నడిచేది.

ఫొరామ్‌లు చూడాలంటే మాత్రం రైలెక్కి కాకినాడ పో. కోరింగ మడ అడవుల ఒడ్డు బురద ఒక గిద్దెడు తెచ్చుకో, 63 మైక్రాన్ల జల్లెడలో కుళాయి కింద మట్టి పోయేదాకా కడుగు, ఆరబెట్టి నల్లకాగితం మీద చల్లి మైక్రోస్కోప్‌లో చూడు. నత్తలా చుట్ట తిరిగిన చిన్న తెల్ల గుల్లలు కనిపిస్తే అవి అమ్మోనియా అనే ప్రజాతివి అయ్యుంటాయి, గ్యాస్ పేరే కానీ గ్యాస్‌తో సంబంధం లేదు. వాటితో పీహెచ్ లెక్క కట్టకు, ఏటినీళ్లు సముద్రంలో కలిసే చోటి జీవులు. చేయి తిరగడానికి మాత్రం వాటికి మించినవి లేవు. కుంచె ట్రిపుల్ జీరో సైజు కొను, బొమ్మలేసేవాళ్ల దుకాణంలో దొరుకుతుంది.

ఆమ్లం చుక్క వేసినప్పటి ఫోటో పెట్టు, గుల్లదీ రాయిదీ పక్కపక్కన, రూపాయి బిళ్ల పెట్టి తీయి.